రోమ్‌లో రెండు రోజులు: ఏవి ముందే బుక్ చేయాలి?

ప్రశ్న: రోమ్‌లో రెండు రోజులు ఉంటాం, అమ్మానాన్నలతో. కొలోసియం, వాటికన్ ఖాయం. ఇంకేం చూడొచ్చు? టికెట్లు అక్కడికెళ్ళాక దొరుకుతాయా?

జవాబు 1: కొలోసియంకి అక్కడ దొరుకుతాయన్న ఆశ వద్దండీ. అధికారిక సైట్‌లో 30 రోజుల ముందు వదులుతారు, సీజన్‌లో ఇట్టే అయిపోతాయి. టికెట్ మీద పేరుంటుంది, పాస్‌పోర్టుతో సరిపోకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. మామూలు టికెట్ 24 గంటలు చెల్లుతుంది, పక్కనే ఉన్న పురాతన శిథిలాలు రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కూడా అందులోనే. కొలోసియం లోపలికి మాత్రం టికెట్ మీదున్న టైముకే.

జవాబు 2: వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూత. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరుస్తారు, ఉచితమే గానీ ఆ క్యూలో పెద్దవాళ్ళను నిలబెట్టకండి. అక్కడి సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకునే వెళ్ళాలి. గోపురానికి 551 మెట్లు. లిఫ్ట్ ఎక్కినా ఇంకో 320 ఉంటాయి, పైకెళ్ళేకొద్దీ దారి ఇరుకు, గోడ పక్కకు వాలుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే మానేయడమే మంచిది.

జవాబు 3: నన్నడిగితే బోర్గీస్ గ్యాలరీ అనే ఆర్ట్ మ్యూజియం వదలొద్దు. బెర్నీని శిల్పాల కోసమైనా. బుకింగ్ తప్పనిసరి, లోపల 2 గంటలే, సోమవారం సెలవు. పాంథియన్ అనే పురాతన రోమన్ గుడికి 2023 జులై నుంచి టికెట్ పెట్టారు. అన్నట్టు, కాగితం టికెట్‌ని బస్సెక్కగానే మెషిన్‌లో కొట్టించాలి, జేబులో ఉన్నా సరే జరిమానా వేస్తారు.