శివారు గుడి ఎప్పుడు ‘విచారణ’ అయింది? చరిత్ర రాయాలంటే రికార్డులు ఎక్కడ వెతకాలి

పోరంకి_దారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది విజయవాడ తూర్పు శివారు. ఒకప్పుడు చెరుకు తోటల మధ్య చిన్న కథోలిక గుడి, పక్క విచారణకు (పారిష్‌కు, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే సంఘానికి) ఉపకేంద్రం, నెలకో పూజ. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఆదివారం మూడు పూజలైనా జనం వరండాలో నిలబడుతున్నారు. జూబిలీ సంచికకు విచారణ చరిత్ర రాసే పని మా కమిటీకి అప్పగించారు. చిక్కు ఏంటంటే గుడి ముందు రాయి మీద ఒక సంవత్సరం, గేటు ఆర్చి మీద ఇంకొకటి, పెద్దలు చెప్పేది మూడోది. ఏది నమ్మాలి? మా రిజిస్టర్లు మొన్నమొన్నటివే. అంతకు ముందు సంగతులు ఎక్కడ దొరుకుతాయి?

పాతదస్త్రం

మూడూ నిజమే కావచ్చండి, ఒక్కొక్కటి ఒక్కో సంఘటనది. ఉపకేంద్రంగా మొదలైన గుడికి మామూలుగా ఐదు తేదీలుంటాయి: ఊళ్లో తొలి పూజ, మొదటి షెడ్డు లేదా చిన్న గుడి, ఫాదర్ గారు అక్కడే కాపురం పెట్టిన రోజు, విచారణగా ప్రకటిస్తూ బిషప్ గారు ఇచ్చిన డిక్రీ (ఉత్తర్వు), ఇప్పటి గుడి ఆశీర్వాదం. విచారణ వయసు లెక్కపెట్టాల్సింది డిక్రీ నుంచి. కథోలిక సంఘ చట్టంలోని కానన్ 515 ప్రకారం విచారణను స్థాపించే అధికారం బిషప్‌ ఒక్కరిదే, అదీ గురువుల (ఫాదర్ల) మండలి అభిప్రాయం విన్న తర్వాతే. మిగతా నాలుగు తేదీలనూ వదలకండి, వేటివి అవిగా పేరుపెట్టి రాయండి. గొడవంతా ఐదింటినీ ‘స్థాపన’ అనే ఒక్క మాటలో కలిపేయడంతోనే వస్తుంది.

డిక్రీ కాపీ బిషప్ హౌస్‌లో దస్త్రాలు చూసే ఛాన్సలర్ ఫాదర్ గారి దగ్గర ఉంటుంది. మీ విచారణ గురువు లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకెళ్లండి. ‘మా గుడి చరిత్ర కావాలి’ అని అడిగితే ఎవరూ వెతకలేరు. గుడి పేరు, తల్లి విచారణ పేరు, ఏ పదేళ్లలో జరిగి ఉంటుందో రాస్తే ఫైలు బయటికొస్తుంది. డిక్రీతో పాటు సరిహద్దుల కాగితం ఉందేమో తప్పక అడగండి. ఏ కాలవ దాకా, ఏ రోడ్డు దాకా అన్నది తెలిస్తే తల్లి విచారణ పుస్తకాల్లో మీ ఊళ్లేవో తేలుతుంది.

విడి విచారణ కాకముందు మీ వాళ్ల జ్ఞానస్నానాలన్నీ తల్లి విచారణ పుస్తకంలోనే ఎక్కాయి. అందులో ఊరి పేరు పట్టుకుని పేజీ పేజీ చూడాల్సిందే, దగ్గరి దారి లేదు. మీ సొంత పుస్తకంలో 1వ నంబరు ఎంట్రీ తేదీ కూడా రాసుకోండి. అది డిక్రీ తేదీకి బాగా దూరంగా ఉంటే కారణం వెతకాలి.

రాయిని పరీక్షించే చిట్కా ఒకటుంది. మీ మేత్రాసనం (బిషప్ గారి పరిధిలోని ప్రాంతం) 1937లో ‘బెజవాడ’ పేరుతో ఏర్పడింది, అంతకు ముందు ఈ ప్రాంతం హైదరాబాద్ మేత్రాసనంలోది. ‘విజయవాడ’ అని మారింది 1950లో. 1940ల తేదీ వేసి ‘విజయవాడ మేత్రాసనం’ అని చెక్కి ఉంటే ఆ రాయి తర్వాత పెట్టించినదే. బిషప్ పేరునూ సరిచూడండి: గ్రాసి గారు 1937 నుంచి 1951 దాకా, డి బత్తిస్త గారు 1951 నుంచి 1971 దాకా, ఆ తర్వాత తుమ్మా జోసఫ్ గారు. పేరుకూ ఏడాదికీ పొత్తు కుదరకపోతే రాయిని పక్కన పెట్టి కాగితాన్ని నమ్మండి.

బ్రాడీపేట_చదువరి

గుంటూరు వైపు నుంచి ఒక మాట కలుపుతాను. శివారు విచారణల్లో సగం కుటుంబాలు ఏటి అవతలి నుంచి వచ్చినవే ఉంటాయి. వాళ్ల మూలాలు మీ బిషప్ హౌస్‌లో దొరకవు. తాడేపల్లి, మంగళగిరి, ఫిరంగిపురం గుంటూరు మేత్రాసనంలోవి. గుంటూరు 1940లో నెల్లూరు నుంచి విడిపోయింది, నెల్లూరు 1928లో మద్రాసు నుంచి. కృష్ణకు అటు, మీ వైపు, ఇటలీ నుంచి వచ్చిన పీమే సభ ఫాదర్లు, ఇటు, మా వైపు, మిల్ హిల్ సభ ఫాదర్లు పనిచేశారు. కాబట్టి ఆ కాలపు ఉత్తరాలు అటు ఇటాలియన్‌లో, ఇటు ఇంగ్లిష్‌లో ఎక్కువగా కనిపిస్తాయి.

పాత పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయని భయపడొద్దు. పదిహేను మాటలు తెలిస్తే చాలు: నాతుస్ అంటే పుట్టినవాడు, ఫీలియా అంటే కూతురు, పత్రీనుస్ అంటే జ్ఞానతండ్రి. అసలు దెబ్బ తగిలేది రెండు చోట్ల.

మొదటిది నెలలు. ‘7బ్రిస్’ అని కనిపిస్తే జూలై అనుకుంటారు. అది సెప్టెంబరు, లాటిన్‌లో సెప్తెమ్ అంటే ఏడు. అలాగే ‘8బ్రిస్’ అక్టోబరు, ‘9బ్రిస్’ నవంబరు, ‘ఎక్స్‌బ్రిస్’ డిసెంబరు.

రెండోది పేర్లు. పుస్తకంలో పేత్రుస్, ఇంట్లో రాయప్ప. పౌలుస్ అంటే చిన్నప్ప, ఇగ్నాతియుస్ అంటే ఇన్నాసి, క్సవేరియుస్ అంటే శౌరి, యాకోబుస్ అంటే యాగప్ప. ఒకే మనిషి జ్ఞానస్నానం పుస్తకంలో పేత్రుస్‌గా, పెళ్లి పుస్తకంలో రాయప్పగా ఎక్కితే ఇద్దరుగా లెక్కేస్తారు. తండ్రి పేరు, ఊరు, జ్ఞానతల్లిదండ్రులు, ఈ మూడూ కలిశాకే ఒక్కరని రాయండి.

డైరీల్లో తేదీకి బదులు పండగ పేరు రాసి ఉంటే ఇంకా జాగ్రత్త. 1969లో పండగల క్యాలెండరు మారింది. తోమా గారి పండగ డిసెంబరు 21 నుంచి జూలై 3కి వచ్చింది. క్రీస్తురాజు పండగ అక్టోబరు చివరి ఆదివారం నుంచి ఆగమన కాలానికి (క్రిస్మస్ ముందు వారాలకు) ముందు ఆదివారానికి జరిగింది. ఇప్పటి క్యాలెండరుతో 1955 శంకుస్థాపన తేదీ వేస్తే తప్పుతుంది.

లెక్కల_మాస్టారు

పెరుగుదల చూపించడానికి అందరూ ఏడాదికెన్ని జ్ఞానస్నానాలో గీత గీస్తారు. శివారు విచారణకు అది చాలదు. పిల్లలతో సహా వలస వచ్చిన కుటుంబానికి ఇక్కడ జ్ఞానస్నానం ఎంట్రీయే ఉండదు, పైగా తొలి కాన్పు పుట్టింట్లో అయితే బిడ్డ పేరు అక్కడి పుస్తకంలో ఎక్కుతుంది. పెళ్లి పుస్తకం పట్టుకోండి. అందులో వధూవరులు ఎక్కడ జ్ఞానస్నానం పొందారో ఉంటుంది, ఎందుకంటే పెళ్లి కబురు ఆ విచారణకు పంపి అక్కడి ఎంట్రీ పక్కన రాయించాలి (కానన్ 1122). ఆ ఒక్క గడిని అయిదేళ్లకో కట్టగా లెక్కిస్తే ఏ ఊళ్ల నుంచి, ఏ కాలంలో జనం వచ్చారో తెలుస్తుంది.

పాత ఎంట్రీల్లో తాలూకా ఉంటుంది, 1985 తర్వాత మండలం. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, పెనమలూరు మండలం మాత్రం కృష్ణాలోనే ఉంది. సంచికలో ఏ కాలపు చిరునామాను ఆ కాలం పేరుతోనే రాసి, పక్కన ఇప్పటిది పెట్టండి.

స్థలం సంగతికి ఈసీ (ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్, ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. దస్తావేజు గుడి పేరున ఉండకపోవచ్చు, మేత్రాసనం పేరుతోనూ అడగండి.

పోరంకి_దారి

చాలా ఉపయోగమండి. తల్లి విచారణ పుస్తకం ఒకటి ఎప్పుడో తడిసి ఆరిందట, ఓ ఇరవై పేజీలు అట్టలా అతుక్కున్నాయి. విడదీయొచ్చా?

అట్టబైండు

చేత్తో లాగకండి, ఆవిరి అసలు పట్టకండి. ఫౌంటెన్ పెన్ను సిరా నీళ్లు తగిలితే పారిపోతుంది. అతుక్కున్న భాగాన్ని అలాగే ఉంచి, విడిగా ఉన్న పేజీలను ముందు ఫొటోలు తీయండి. పుస్తకాన్ని 180 డిగ్రీలు తెరవొద్దు, అటూ ఇటూ మడత గుడ్డలు పెట్టి సగమే తెరవండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్క నీడ వెలుతురు చాలు. పేజీ నంబరు లేకపోతే మూలన మెత్తని పెన్సిలుతో వేయండి, పెన్నుతో కాదు. సెల్లోటేపు, లామినేషన్ రెండూ పుస్తకాన్ని చంపుతాయి: టేపు జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది, లామినేషన్‌ను తర్వాత ఊడదీయలేం. అతుక్కున్న పేజీల పని కాగితం బాగుచేసే నిపుణులకే ఇవ్వండి.

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచింది కాబట్టి ఇదీ రాస్తున్నా. పుస్తకం కొత్తగా తడిస్తే 48 గంటల్లోపు బూజు మొదలవుతుంది. ఎండలో పెట్టొద్దు, కాగితం వంకర్లు పోతుంది. కొన్ని పేజీలకొకటి చొప్పున తెల్ల బ్లాటింగ్ పేపరు పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టి, గంటగంటకూ మార్చాలి. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే బూజు ఆగుతుంది, తర్వాత ఒక్కొక్కటీ తీసుకోవచ్చు.

పాతదస్త్రం

ఫొటోలు తీసే ముందు ఇంకొకటి. పేజీలను యథాతథంగా సంచికలో అచ్చేయకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. దత్తత, తండ్రి పేరు లేని ఎంట్రీలు, పెద్దయ్యాక తీసుకున్న జ్ఞానస్నానాలు అందులో ఉంటాయి. ఎస్సీల జాబితాకు సంబంధించిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీలో వస్తారు. మీరు అచ్చేసిన ఒక్క పేరు ఆ ఇంటి పిల్లల సర్టిఫికెట్ దాకా పోగలదు. లెక్కలు, ఊళ్ల పేర్లు వేయండి. మనుషుల పేర్లు ఆ కుటుంబం సంతకం పెట్టి ఇస్తేనే.

సిస్టర్ల కాన్వెంటు పక్కనే ఉంటే వాళ్ల ఇంటి దినచర్య పుస్తకం చూడనివ్వమని మదర్ గారిని అడగండి. రిజిస్టర్లో దొరకనివి అందులో దొరికే అవకాశం ఉంది: ఆ రోజు పూజకు ఏ ఫాదర్ వచ్చారు, వర్షానికి పందిరి పడిపోతే పూజ ఎవరి వసారాలో జరిగింది. మీ తొలి పూజ తేదీకి అదే ఆధారం కావచ్చు. ఉపదేశి (ఊళ్లో ధర్మబోధ చేసే ఆయన) గారి కుటుంబం ఇంకా ఊళ్లో ఉంటే, ఆయన హాజరు పుస్తకాలు అటక మీద ఉన్నాయేమో ఈ వానాకాలం రాకముందే వెళ్లి అడగండి.