"హ్యావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్..." సింపులా, కాంప్లెక్సా?

ప్రశ్న (సీతమ్మధార నుంచి): మా బాబు తొమ్మిదో తరగతి. "హ్యావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, రవి వెంట్ టు ద బీచ్" కాంప్లెక్స్ సెంటెన్స్ అని రాస్తే తప్పు కొట్టారు. "పని ముగించుకుని రవి బీచ్‌కి వెళ్లాడు" అన్నది తెలుగులో సంక్లిష్ట వాక్యమే కదండీ? మరి ఇంగ్లీషులో ఎందుకు కాదు?

జవాబు: మీ బాబు తెలుగు వ్యాకరణం శ్రద్ధగా చదివాడండి, అందుకే అలా రాశాడు. వాణ్ని కోప్పడకండి. పేర్లు ఒకటే అనిపిస్తాయి కానీ, రెండు భాషల్లో లెక్క వేరు.

మనకి అసమాపక క్రియ, అంటే మాట పూర్తికాని క్రియ, ఒక్కటి వచ్చినా సంక్లిష్ట వాక్యమే. ముగించుకుని, తింటూ, వస్తే... క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అని బడిలో చెప్పేవి ఇవే. ఇంగ్లీషు బడి వ్యాకరణం వీటికి సాటివచ్చే హ్యావింగ్ ఫినిష్డ్, స్టాండింగ్, టు సీ లాంటి రూపాలను అసలు లెక్కలోకే తీసుకోదు. ఫైనైట్ వెర్బ్, అంటే కాలాన్ని బట్టి రూపం మారే క్రియ, ఉంటేనే ఆ ముక్కని క్లాజ్ అంటుంది. ఒక్క క్లాజే ఉంటే సింపుల్. ప్రధాన క్లాజును ఆనుకుని ఇంకో క్లాజ్ ఉంటే కాంప్లెక్స్.

ఫైనైట్ వెర్బ్‌ని పట్టుకోవడానికి కాలం మార్చి చూడమనండి. నిన్నటి మాటను రోజూ జరిగే మాటగా మారిస్తే "వెంట్" కాస్తా "గోస్" అవుతుంది. "హ్యావింగ్ ఫినిష్డ్" మాత్రం కదలదు. అంటే ఫైనైట్ ఒక్కటే, వాక్యం సింపుల్. అదే "వెన్ రవి హ్యాడ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హి వెంట్ టు ద బీచ్" అంటే హ్యాడ్, వెంట్ రెండూ ఫైనైట్. "వెన్"తో మొదలైన ముక్క సొంతంగా నిలబడలేదు కాబట్టి ఇది కాంప్లెక్స్.

పొడవు చూసి మోసపోకూడదు. మన బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మీద రెండు వాక్యాలు చూడండి. "ద సబ్‌మెరైన్ స్టాండింగ్ ఆన్ ద బీచ్ రోడ్ సర్వ్‌డ్ ద నేవీ ఫ్రమ్ 1969 టు 2001" అంత పొడవున్నా సింపులే. "స్టాండింగ్" తీసేసి "విచ్ స్టాండ్స్" అని పెట్టగానే కాంప్లెక్స్ అయిపోతుంది. తెలుగులో రెంటికీ "బీచ్ రోడ్డులో ఉన్న సబ్‌మెరైన్" అనే అంటాం, అందుకే మన పిల్లలకి ఆ తేడా చెవికి ఆనదు. నా ఉద్దేశంలో ఇంగ్లీషు టీచర్లు తెలుగు వాక్యాన్ని పక్కన పెట్టి చూపించకుండా ఈ పాఠం చెప్పకూడదు.

"బికాజ్" కనిపిస్తే చాలు కాంప్లెక్స్ అనుకోవడం ఇంకో పొరపాటు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పటి మాట: "బికాజ్ ఆఫ్ ద సైక్లోన్, ద సిటీ లాస్ట్ పవర్." ఇక్కడ "బికాజ్ ఆఫ్" తర్వాత నామవాచకమే ఉంది, సింపుల్. "బికాజ్ ద సైక్లోన్ హిట్ ద సిటీ, వుయ్ లాస్ట్ పవర్" కాంప్లెక్స్. ఆఫ్టర్, బిఫోర్, సిన్స్‌లకీ ఇదే పరీక్ష: తర్వాత వచ్చింది వట్టి పేరా, కర్తా క్రియా ఉన్న క్లాజా?

ప్రశ్న: చాలా థాంక్సండి. కలిపే మాటే లేకపోతే సింపుల్ అనుకోవచ్చా?

జవాబు: లేదండి. "ఐ నో షి లివ్స్ ఇన్ గాజువాక"లో కలిపే మాట కనిపించదు. "నో" తర్వాత "దట్" ఎగిరిపోయింది, అంతే. నో, లివ్స్ రెండూ ఫైనైట్, కాబట్టి కాంప్లెక్స్. "రవి అండ్ సీత వెంట్ టు అరకు"లో "అండ్" ఉన్నా క్రియ ఒక్కటే, సింపుల్. "రవి వెంట్ టు అరకు అండ్ సీత స్టేడ్ ఇన్ వైజాగ్" అంటే రెండు సమానమైన క్లాజులు, అది కాంపౌండ్.

ఒక్క మాట. 1985లో వచ్చిన క్వర్క్ బృందం వ్యాకరణం లాంటి పెద్ద పుస్తకాలు "హ్యావింగ్ ఫినిష్డ్" ముక్కని కూడా క్లాజ్ అనే అంటాయి. ఆ లెక్కన మీ బాబు రాసింది ఒప్పే. పరీక్షలో మాత్రం బడి లెక్క ప్రకారమే సింపుల్ అని రాయమనండి.