వీధి నాటక బృందం నంది నాటకోత్సవానికి దరఖాస్తు చేయవచ్చా?

చిత్తూరు జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ల వద్ద జరిగే భారత ఉత్సవాలలో, పగలు హరికథ ముగిశాక, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం ఆడే ఒక బృందంలో మా నాన్నగారు ముప్పై ఏళ్లుగా దుర్యోధన వేషం కడుతున్నారు. నంది నాటక పురస్కారాలకు ఈ కళాకారులు కూడా అర్హులేనని నా గట్టి నమ్మకం.

2023 డిసెంబరులో గుంటూరులో నాటకోత్సవం జరిగినప్పటి నుంచి, అర్జునుడి తపస్సు ఘట్టాన్ని వేదికకు తగినట్లు కుదించి పద్య నాటక విభాగానికి పంపాలని ఆలోచిస్తున్నాము. అయితే అర్జున వేషధారి తపస్సు మాను (ఈ ఘట్టం కోసం నాటే ఎత్తైన స్తంభం) ఎక్కుతూ, నిమ్మకాయలూ పూలూ భక్తులకు విసురుతూ పాడే పద్యాలే ఆ ఘట్టానికి ప్రాణం. వాటిని తగ్గించడానికి మనసు ఒప్పడం లేదు.

ఉత్సవానికి నాటకాలను ఎంపిక చేసే ప్రాథమిక పరిశీలనలో పాల్గొన్న అనుభవం ఉన్నవారు, ప్రదర్శన నిడివి ఎంత ఉండాలో, నాటక సమాజం పేరు ముందుగా నమోదై ఉండాలో లేదో దయచేసి తెలియజేయగలరు. తిరుపతి పరిసరాలలో పద్య నాటక దర్శకులు ఎవరైనా మా ప్రతిని ఒకసారి చూస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.