రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గుంటూరు, బెజవాడ ఇళ్లు ఎలా గడిచాయి?

లబ్బీపేట అమ్మాయి:
మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో పిల్లల మొలతాడుకు గుచ్చిన చిల్లు కాణీలు దొరికాయి. అన్నిటి మీదా 1943 అని ఉంది. యుద్ధం వల్లే చిల్లు పెట్టారంటున్నారు, నిజమా? అప్పట్లో మన వైపు ఏం తిన్నారో, దీపాలు ఎలా వెలిగించుకున్నారో తెలిసిన పెద్దలు చెప్పండి.

బ్రాడీపేట టీచరు:
నిజమేనమ్మా. యుద్ధ సామగ్రికి రాగి కావలసొచ్చింది. పాత కాణీ దాదాపు 5 గ్రాములు తూగేది, ఈ చిల్లుది 2 గ్రాములే. 1940లో రూపాయిలోనూ వెండి సగానికి దించారు. దాంతో పాత రూపాయలున్నవాళ్లు వాటిని బయటికి తియ్యలేదు, కాగితం రూపాయి చేతికొచ్చింది.

మా అమ్మ 1942లో కొత్త కోడలు, కాపురం గుంటూరు కొత్తపేటలో. ఆ మార్చిలో రంగూన్ జపాను వాళ్ల చేతికి పోయింది. బర్మా బియ్యం ఆగింది, కిరసనాయిలూ ఆగింది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు జనం భయపడి ఊళ్లు పట్టారు. అమ్మ ఆడపడుచు కూడా పిల్లల్నేసుకుని మా ఇంట్లో దిగింది. అందరికీ ఒకటే పొయ్యి. పగలు జొన్నన్నం, మజ్జిగ, పెరట్లో గోంగూర. వరన్నం రాత్రికే, అదీ ముందు పిల్లలకు. వార్చిన గంజిలో ఉప్పేసి ముసలివాళ్లకిచ్చేది, మిగిలింది చీరలకు పెట్టేది. కాఫీలోకి బెల్లమే.

కిరసనాయిలు చదువుకునే మా బాబాయి లాంతరుకు మాత్రమే. వంటింట్లో ఆముదం ప్రమిద, పాతపంచె చింపి చేసిన వత్తులు. వాటిని మాటిమాటికీ ఎగదొయ్యాలి, అందుకని పొద్దుగూకకముందే వంట ముగించేవాళ్లు. అగ్గిపుల్ల గీయడం కూడా దండగే అనిపించేదట. కుంపట్లో నిప్పు మీద బూడిద కప్పి ఉంచితే, పక్కింటావిడ పిడక తెచ్చి అంటించుకుపోయేది.

అమ్మ కళ్లల్లో నీళ్లు తెప్పించింది మాత్రం బట్ట కరువు. మంగళగిరి మగ్గాలకే నూలు అందని రోజులు. చిరిగిన చీరలో గట్టిగా ఉన్నంత మేర పిల్లకు లంగా, తక్కింది బొంతకు. అమ్మ పెళ్లిచీర కట్టుకునే మా అత్తయ్య పీటలమీద కూర్చుంది. ఆనాటి సభలూ అరెస్టులూ పుస్తకాల్లో ఉన్నాయి, ఉండాలి కూడా. ఈ ఆడవాళ్లు ఇల్లు ఈదిన తీరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. నాకదే బాధ.

లబ్బీపేట అమ్మాయి:
టీచర్ గారూ, చాలా చాలా థాంక్సండీ. మరి ఊళ్ల మధ్య బస్సులు తిరిగేవా?

తెనాలి బాబాయి:
తిరిగాయమ్మా, బొగ్గుతో. పెట్రోలుకు రేషను కదా. బస్సు వెనక నిలువు డ్రమ్ములాంటి పొయ్యి బిగించేవాళ్లు. గాలి చాలీచాలకుండా బొగ్గు కాలితే వచ్చే గ్యాసుతో ఇంజను నడుస్తుంది. మా నాన్న క్లీనరు. తెల్లారకముందే లేచి గాలిమర తిప్పి నిప్పు రాజేసేవాడు. గ్యాసు అందుకునేదాకా ఇంజను పలకదు. ఆ తర్వాతా పెట్రోలంత సత్తువ ఉండదు, ఎత్తు వస్తే జనం దిగి తోసేవాళ్లు. తడి బొగ్గు పడితే బండి దారిలోనే ఆగేదని, నాన్న ఒక్కొక్క ముక్కా చూసి ఏరేవాడు.

ఇంకోమాట. యుద్ధం 1945లో ముగిసినా బియ్యం కంట్రోలు, అంటే సర్కారు రేషను, పోలేదు, 1952లో అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ఎత్తేశారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ‘కంట్రోలు రోజులు’ అంటే అది ఏ సంవత్సరం సంగతో అడిగి రాసుకో.