అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తోందో మండలాల వారీ లెక్క ఎలా రాబట్టాలి?

మాది శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలంలో కొండ దిగువ ఊరు. మొన్న వేసవిలో రాత్రి 11:40కి పక్కింటి తాతగారికి గుండెనొప్పి వస్తే అంబులెన్స్‌కి ఫోన్ చేశాం. బండి వచ్చేసరికి 12:52. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ దాచాను. (తాతగారు ఇప్పుడు బాగానే ఉన్నారు.)

ఇది మాకు రోజూ ఉన్నదేనా, ఆ ఒక్క రాత్రేనా అన్నది తెలుసుకోవాలని వెతికాను. మండలాల వారీ లెక్క ఎక్కడా కనబడలేదు. ఒక ఆఫీసులో అడిగితే జిల్లా సగటు చెప్పి పంపేశారు. టౌన్‌లో పది నిమిషాల్లో వచ్చిన బండినీ, మా దారిలో గంట దాటిన బండినీ కలిపి సగటు తీస్తే నాకేం తెలుస్తుంది?

10 రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. మూడే అడిగాను: కాల్ అందిన టైము, బండి బయల్దేరిన టైము, చేరిన టైము. పేర్లు, ఫోన్ నంబర్లు వద్దని కూడా రాశాను. 28వ రోజున ఒక్క లైను జవాబు వచ్చింది: ఆ వివరాలు అంబులెన్స్‌లు నడిపే ఏజెన్సీ దగ్గరే ఉంటాయట.

సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం, ప్రైవేటు సంస్థ దగ్గరున్నా, అమల్లో ఉన్న వేరే ఏదైనా చట్టం కింద అధికారులు తెప్పించుకోగలిగితే అది కూడా సమాచారమే. మొదటి అప్పీలు గడువు 30 రోజుల్లో ఇంకా 12 మిగిలాయి.

ఈ లెక్కలు ఎవరైనా రాబట్టి ఉంటే చెప్పండి: దరఖాస్తులో ఆ రికార్డుని ఏ పేరుతో అడిగారు?