ఫిల్లర్ ఎపిసోడ్లు దాటేసి చూస్తే సిరీస్ చూసినట్టేనా?

తీరికప్రేక్షకుడు:
ముందే చెప్తున్నా, నేను అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్‌ల) పిచ్చివాణ్ణి కాదు. తీరిక దొరికితే చూస్తా, నచ్చితే చివరిదాకా వెళ్తా, విసుగొస్తే మధ్యలో దిగిపోతా. నచ్చినవేంటో చెప్తే నా రుచి మీకు తెలుస్తుంది. డెత్ నోట్ (37 ఎపిసోడ్లలో మొదటి 25 ఊపిరాడనివ్వవు, మిగతావాటికి కాస్త ఓపిక కావాలి), స్టైన్స్ గేట్, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ బ్రదర్‌హుడ్, ఎటాక్ ఆన్ టైటన్, ఈమధ్య ఫ్రీరెన్. అన్నీ నా ఓపికకు లోబడినవే.

ఇప్పుడు నరుటో మొదలుపెట్టా. పక్కన ఫిల్లర్ లిస్టు తెరిచి పెట్టుకుని, మాంగాలో (సిరీస్‌కి మూలమైన జపాన్ కామిక్‌లో) లేనిది, అంటే టీవీవాళ్లు కలిపింది అని రాసి ఉంటే దాటేస్తున్నా. మొదటి సిరీస్ 220 ఎపిసోడ్లు, అందులో 136 దగ్గర్నుంచి దాదాపు చివరిదాకా ఫిల్లరే. దాని వెనక షిప్పూడెన్ ఇంకో 500. ఈ సంగతి ఒకచోట చెప్తే ఒకాయన, "లిస్టు పెట్టుకుని చూసేవాడు చూసినట్టు కాదు, సారాంశం చదివినట్టు" అని కొట్టిపారేశాడు.

నా వాదన సింపుల్. కథ రాసిన మనిషి రాయని భాగం నాకెందుకు? అది లేకపోతే కథలో ఏమీ తెగదు. తెగనప్పుడు ఉండి ఏం లాభం?

గట్టుమీదకాకి:
దాటెయ్. ఎవడొచ్చి లెక్కలు చూస్తాడు?

పాతటేపు:
దాటెయ్యడం మీ ఇష్టమండీ, అందులో తప్పేం లేదు. కానీ ఫిల్లర్ ఎందుకు పుట్టిందో ఒకసారి చూడండి. నరుటో, బ్లీచ్ లాంటివి వారపత్రికలో వచ్చే మాంగాలు. వారానికో అధ్యాయం, అటూ ఇటూగా ఇరవై పేజీలు. టీవీలో ఒక్క ఎపిసోడ్‌కి అలాంటివి రెండు అధ్యాయాలు ఇట్టే అయిపోతాయి. అనిమే కూడా వారం వారం వస్తుంటే ఏదో ఒకరోజు మాంగాని తరుముకుంటూ వెళ్లి తోక పట్టేసుకుంటుంది. అప్పుడు బండి ఆపాలి, లేదంటే సొంత కథతో నెట్టుకురావాలి. ఆ రోజుల్లో ఆపడమంటే టీవీలో ఉన్న టైము వేరేవాళ్ల చేతికి అప్పగించడమే. అందుకని నెట్టుకొచ్చారు.

ఇప్పుడొచ్చే సిరీస్‌లకు ఈ బెడద తక్కువ. మూడు నెలలకు పన్నెండు పదమూడు ఎపిసోడ్లు వేసి, ఆగి, మాంగా ముందుకు నడిచాక మళ్లీ వస్తున్నారు. మీరు చెప్పిన ఫ్రీరెన్ మొదటి సీజన్ 28 ఎపిసోడ్లలో ముగిసింది. అందుకే మీకు ఫిల్లర్ అంటే ఏమిటో పెద్దవాటి దాకా వచ్చాక గానీ తెలియలేదు.

మీ లిస్టు ఒక్క సంగతే చెప్తుంది, ఇది మాంగాలో ఉందా లేదా అని. బాగుందా లేదా అన్నది దాని పని కాదు. మీరు దాన్ని రెండో ప్రశ్నకు వాడుతున్నారు.

నక్షత్రధూళి:
పాతటేపు గారు బాగా చెప్పారు గానీ ఇంత మర్యాద ఫిల్లర్‌కి అక్కర్లేదు. బ్లీచ్ చూసినవాళ్ల గోడు వినండి. హ్యూకో ముండోలో (శత్రువుల లోకం) యుద్ధం పీకలదాకా నడుస్తుంటుంది, మనవాళ్లు చావుబతుకుల్లో ఉంటారు. తర్వాతి ఎపిసోడ్ (168) పెడితే ఎవరో కొత్త కెప్టెన్, కొత్త రాకుమారి! యుద్ధం ఏమైందో అడిగే దిక్కు లేదు. నెలల తరబడి ఆ కథ నడిపి, 190లో ఏమీ ఎరగనట్టు మళ్లీ యుద్ధంలో దించారు. దీన్ని కూడా చూస్తేనే చూసినట్టా? బౌంట్ల కథ అనే ఇంకో ఫిల్లర్ సంగతి ఎత్తకండి, సోల్ సొసైటీ లాంటి భాగం ముగిశాక దాన్ని తగిలించిన పాపం ఊరికే పోదు.

లిస్టు లేకపోతే నేను బ్లీచ్ పూర్తిచేసేదాన్నే కాదు. 366 ఎపిసోడ్లు మరి. 2022లో మళ్లీ మొదలైన భాగం చూడండి, విరామాలిస్తూ వేస్తున్నారు. ఆ పద్ధతి ఎంత హాయిగా ఉందో పాతది చూసినవాళ్లకే తెలుస్తుంది.

మెల్లగాచూడు:
(ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ చూడనివాళ్లు ఈ పోస్టు దాటెయ్యండి, పెద్ద స్పాయిలర్ ఉంది.)

తీరికప్రేక్షకుడు గారూ, మీకు నచ్చిన సిరీస్ నుంచే మాట్లాడతాను. మీరు చూసింది 2009లో మొదలైన బ్రదర్‌హుడ్, 64 ఎపిసోడ్లు. దానికంటే ముందు 2003లో 51 ఎపిసోడ్ల ఫుల్‌మెటల్ వచ్చింది. రెండూ బోన్స్ స్టూడియోవే. మొదటిది మొదలయ్యేనాటికి హిరోము అరకావా మాంగా ఇంకా మధ్యలో ఉంది, 2010 దాకా ముగియలేదు. అందుకే 2003 సిరీస్ కొంతదూరం మాంగాతో నడిచి, తర్వాత తన దారి తాను చూసుకుంది. వేరే ముగింపు పెట్టుకోమని చెప్పింది రచయిత్రే. మీ లిస్టు పద్ధతి ప్రకారం ఆ సిరీస్‌లో సగానికి పైగా ఫిల్లర్!

ఇప్పుడు హ్యూస్ సంగతి, హీరోలైన అన్నదమ్ములు ఎడ్, అల్‌లకు దగ్గరైన సైనికాధికారి. బ్రదర్‌హుడ్‌లో ఆయన పదో ఎపిసోడ్‌లోనే చనిపోతాడు. 2003 సిరీస్‌లో 25లో. కథలో జరిగేది ఒక్కటే, ఫోన్ బూత్, భార్య రూపంలో వచ్చిన శత్రువు, తుపాకీ. కానీ 2003లో అప్పటికి ఆయనతో మనకు ఎంత పరిచయమో! ఆయన కూతురు పుట్టిన రోజున ఆ ఇంట్లో ఎడ్, అల్ ఉంటారు, మనమూ ఉంటాం. ఆఫీసులో ఫొటోలు చూపించి అందరి ప్రాణం తీసేటప్పుడు మనమూ విసుక్కుంటాం. అవేవీ కథను అంగుళం ముందుకు జరపవు. కానీ ఆ తర్వాత సమాధి దగ్గర పాప "నాన్నను ఎందుకు పూడుస్తున్నారు" అని ఏడిస్తే తట్టుకోవడం కష్టం. బ్రదర్‌హుడ్‌లో అదే సీన్‌కి బాధపడ్డాను. 2003లో ఆ రాత్రికి ఇంకేమీ చూడలేకపోయాను.

బ్రదర్‌హుడ్ మొదటి భాగం పరుగులు పెట్టడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ల ముందే జనం అదంతా చూసేశారు కాబట్టి ఆలస్యం చేయకుండా కొత్త కథలోకి వెళ్లాలనుకున్నారు. బొగ్గుగని ఊరి కథ మాంగాలో ఉన్నా ఇందులో పక్కన పెట్టేశారు. మొత్తంగా చూస్తే బ్రదర్‌హుడ్డే మెరుగంటాను, ముగింపు విషయంలో పోటీయే లేదు. కానీ 'తెగదు కాబట్టి అనవసరం' అన్న మీ సూత్రం హ్యూస్ దగ్గర పనిచేయదు.

తీరికప్రేక్షకుడు:
హ్యూస్ పేరెత్తి నా నోరు నొక్కేశారు. సరే, ఆ 2003 సిరీస్ చూడాల్సిన జాబితాలో రాసుకున్నా.

కానీ మీరు చెప్పింది ఆ పాత్రకు పనికొచ్చిన నిదానం. 136 తర్వాత నరుటో గురించి అదే మాట అనగలరా? నరుటో రెండు సిరీస్‌లూ కలిపి 720 ఎపిసోడ్లు. ఒక్కోటి 23 నిమిషాలు వేసుకున్నా 270 గంటలు దాటుతుంది. ఆ టైములో స్టైన్స్ గేట్ లాంటివి ఇరవైకి పైగా చూడొచ్చు. ఫిల్లర్లో ఎక్కడో ఒక మంచి ఎపిసోడ్ ఉందని మొత్తం కొండవీటి చాంతాడు నన్ను లాగమంటారా?

రాత్రిబండి:
అయితే కౌబాయ్ బీబాప్ ఐదు ఎపిసోడ్లలో చూసేయండి గురూ. మొత్తం 26. హీరో స్పైక్, అతని శత్రువు విషస్‌ల అసలు కథ నడిచేది 5, 12, 13, 25, 26లో మాత్రమే. మిగతా 21లో ఫ్రిజ్‌లో మర్చిపోయిన పదార్థం పురుగై ఓడంతా పాకడం లాంటివి ఉంటాయి. కథ తెగదు, దాటెయ్యండి. చివరి ఎపిసోడ్లో మీకు ఏమీ అనిపించకపోతే మాత్రం నన్ను అడగొద్దు.

సూటిగాచెప్తా:
రాత్రిబండి గారూ, ఇది పొంతన లేని పోలిక. బీబాప్ మొదట్నుంచీ విడివిడి కథలుగా రాసుకున్న సిరీస్. వెనక తరుముతున్న మాంగా లేదు. దర్శకుడు వాటానబె, ఆయన మనుషులు తాము అనుకున్నదే తీశారు. దాన్ని ఫిల్లర్ అనడం ఎలా కుదురుతుంది?

ఫిల్లర్‌కి ఉన్న అసలు జబ్బు వేరు. అది ఎక్కడ మొదలైందో అక్కడే ముగియాలి. మాంగాలో రేపు ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి ఎవర్నీ చంపకూడదు, ఎవరికీ కొత్త బలం రాకూడదు, ఎవరి మనసూ మారకూడదు. చివరికి అన్నీ ఎక్కడివక్కడ సర్దేసి వెళ్లాలి. కాళ్లకు ఇన్ని సంకెళ్లు వేసుకుని యుద్ధాలూ త్యాగాలూ చూపిస్తామంటే ఎవరు నమ్ముతారు? కొత్త విలన్ వచ్చి లోకాన్ని నాశనం చేస్తానంటాడు, చేయలేడని మనకు మొదటి నిమిషంలోనే తెలుసు. చేసి ఉంటే తర్వాత ఎవరో ఒకరు ఆ మాట ఎత్తేవాళ్లు కదా! నరుటో 136 తర్వాత నస అనిపించేది ఇందుకే. నరుటో స్నేహితుడు సాస్కే వెళ్లిపోయాడన్న బరువు గుండెల్లో పెట్టి, ఆ వెంటనే ఊరూరా తిప్పుతారు.

పాతటేపు:
సూటిగాచెప్తా గారు చెప్పిన జబ్బు నిజమే. అందులోనే ఇంకో సంగతి దాగుంది. ఏమీ మారకూడదన్న నియమం యుద్ధకథను చంపుతుంది. హాస్యాన్ని మాత్రం ఏమీ చేయలేదు, ఎందుకంటే హాస్యానికి చివర్లో ఏదీ మారనక్కర్లేదు.

నరుటో 101 తీసుకోండి. పూర్తిగా ఫిల్లర్. ముగ్గురు శిష్యులు కలిసి గురువు కకాషి ముసుగు వెనక ముఖం ఎలా ఉంటుందో చూడాలని నానా తంటాలు పడతారు. అంతే కథ. నరుటో అభిమానుల్లో ఆ ఎపిసోడ్ నచ్చనివాళ్లు నాకింకా తగల్లేదు. డ్రాగన్ బాల్ జీలో గోకూ, పిక్కొలో డ్రైవింగ్ లైసెన్స్ కోసం వెళ్లే ఎపిసోడ్ కూడా అంతే. లోకాన్ని కాపాడే ఇద్దరు యోధులు స్టీరింగ్ ముందు చెమటలు కక్కుతుంటారు. పిక్కొలోని జనం అంతగా ప్రేమించడంలో ఆ ఎపిసోడ్ వాటా చిన్నదేం కాదు. వన్ పీస్‌లో జీ-8 భాగం (196 నుంచి 206) ఉంది. ఆకాశద్వీపం నుంచి పడ్డ ఓడ నేరుగా నేవీ కోట మధ్యలో తేలుతుంది. మన సముద్రపు దొంగలు వేషాలు మార్చుకుని ఆ కోటలోనే తిరుగుతారు. మాంగాలో లేదని చెప్తే తప్ప తెలియదు, అంత బాగా కుదిరింది.

లిస్టుని నమ్మితే మీరు పోగొట్టుకునేవి సరిగ్గా ఇవే.

నక్షత్రధూళి:
జీ-8కి ఒప్పుకుంటా. బ్లీచ్‌లో కూడా ఖడ్గాలు మనుషుల రూపంలో తిరగబడే భాగం బాగుంటుంది, అది ఫిల్లరే (230 నుంచి). బౌంట్లకు మాత్రం క్షమాపణ లేదు.

ఊరకరాడు:
అందరూ ఫిల్లర్ మీద పడ్డారు. అసలు టైము తినేది సాగదీత. వన్ పీస్‌లో ఫిల్లర్ తక్కువే, లిస్టు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ డ్రెస్‌రోజా భాగం ఒక్కటే 118 ఎపిసోడ్లు. మాంగాలో ఉన్నదే చూపిస్తారు, కాకపోతే ఒక్క అధ్యాయాన్ని ఒక ఎపిసోడ్ అంతా లాగుతారు. పరిగెత్తేవాడు పరిగెడుతూనే ఉంటాడు. చూసేవాళ్లందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూపించి అప్పుడు దెబ్బ తగిలిస్తారు. డ్రాగన్ బాల్ జీలో విలన్ ఫ్రీజా, గ్రహం ఐదు నిమిషాల్లో పేలిపోతుందంటాడు. ఆ ఐదు నిమిషాలు పది ఎపిసోడ్ల దాకా నడిచాయి! ఆ బాధ పడలేకే 2009లో అదనపు సరుకు కోసేసి 'కై' పేరుతో మళ్లీ వేశారు. ఈ సాగదీతను ఏ లిస్టూ పట్టుకోలేదు, లిస్టు కంటికి అదంతా అసలు కథే.

రాత్రిబండి:
నిదానమంతా సాగదీత కాదు. ఎవాంజెలియన్‌లో లిఫ్టులో అసుక, రెయి ఇద్దరూ కదలకుండా నిలబడే షాట్ దాదాపు నిమిషం ఉంటుంది. డబ్బు మిగుల్చుకోవడానికి అలా తీశారనుకునేవాళ్లు అనుకోండి, ఆ నిమిషంలో ఆ ఇద్దరి మధ్య ఉన్న కసి అంతా నా ఒంటికి తెలిసింది.

సూటిగాచెప్తా:
మరి హరుహి సుజుమియా 'ఎండ్లెస్ ఎయిట్' సంగతేంటి? 2009లో ఒకే రెండు వారాల సెలవుల కథని వరసగా ఎనిమిది ఎపిసోడ్లు వేశారు. కాలం అక్కడే గిరగిరా తిరుగుతోందని చెప్పడానికి. ప్రతిదాన్నీ కొత్తగా గీశారు, కొత్తగా డబ్బింగ్ చెప్పారు, బట్టలు మారతాయి, కథ అదే. వారం వారం చూసినవాళ్లకు పిచ్చెక్కింది. ఇది కళా? ప్రేక్షకుడి మీద ప్రయోగమా?

మెల్లగాచూడు:
ప్రయోగమే. మొదటిది, రెండోది, చివరిది చూస్తే చాలని నేనే అందరికీ చెప్తుంటాను. కానీ ఎనిమిదీ కూర్చుని చూసినవాళ్లకు అందులోని నాగాటో అనే అమ్మాయి ఎందుకు అలా అయిపోయిందో మిగతావాళ్లకంటే బాగా తెలుస్తుంది. తన లెక్కన ఆ సెలవులు 15,532 సార్లు జరిగాయి, అన్నీ గుర్తున్నది తనొక్కదానికే. మనకు ఎనిమిదికే ప్రాణం పోయింది. తర్వాత 2010లో వచ్చిన సినిమా మొత్తం ఆ అలసట మీదే నిలబడింది.

గట్టుమీదకాకి:
ఎనిమిదీ చూశా. మూడోదానికే నిద్రపోయా. నాగాటోకి నా సానుభూతి.

తీరికప్రేక్షకుడు:
ఇంతమంది ఇన్ని చెప్పాక నా పద్ధతి ఇలా పెట్టుకుంటున్నా, కాదనేవాళ్లు కాదనండి. లిస్టు తీసెయ్యను. ఫిల్లర్ అని ఉన్నచోట యుద్ధమూ కొత్త విలనూ అయితే దాటేస్తా, తమాషా అయితే ఆగి చూస్తా. బ్లీచ్ మొదలుపెడితే 168 నుంచి 189 దాకా నా ముఖం కూడా చూపించను. వన్ పీస్ జోలికి ఇప్పట్లో వెళ్లను, 118 ఎపిసోడ్ల భాగం అని విన్నాక ఉన్న కాస్త ధైర్యం కూడా జారిపోయింది. పొడుగాటిదే కావాలనిపిస్తే 148 ఎపిసోడ్ల హంటర్ హంటర్ ఉంది కదా, 2011ది. అందులో కథను పక్కదారి పట్టించే ఫిల్లర్ లేదంటున్నారు.

"చూసినట్టు కాదు" అన్న ఆ పెద్దమనిషికి మాత్రం నేనిప్పటికీ ఒప్పుకోను. హ్యూస్‌ని పదో ఎపిసోడ్‌లో పోగొట్టుకున్నవాళ్లం కూడా ఏడ్చాం.

పాతటేపు:
తమాషా అయితే ఆగడం చాలు, అంతకుమించి ఎవరూ అడగరు. హంటర్ హంటర్‌లో 13, 26 పాత కథ నెమరువేతలు. అవి నిర్భయంగా దాటెయ్యండి. నరుటోలో ఎక్కడున్నారిప్పుడు?

తీరికప్రేక్షకుడు:
100 అయింది. ఈ రాత్రికి 101. కకాషి ముసుగు వెనక ఏముందో ఎవరైనా ఇక్కడ రాశారో, ఊరుకోను.

గట్టుమీదకాకి:
పళ్లు ఎత్తు. సరదాకన్నాలే, చూసుకో.