తేదీ ఇస్తే తప్పు వారం చెబుతోంది, నా సి ప్రోగ్రాంలో తప్పెక్కడ?

కొత్తకోడ్:
జెల్లర్ సూత్రంతో వారం చెప్పే ప్రోగ్రాం రాశాను. మూడు తలనొప్పులు. ఒకటి, 2024 ఫిబ్రవరి 15 గురువారమైతే మంగళవారం అంటోంది. జనవరి, ఫిబ్రవరిల్లోనే ఈ గొడవ. రెండు, 2000 మార్చి 1 ఇస్తే వారం బదులు ఏవో పిచ్చి గుర్తులు. మూడు, అంకె బదులు పొరపాటున అక్షరం కొడితే స్క్రీన్ ఆగకుండా పరుగెడుతోంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

సెమికోలన్:
జెల్లర్ లెక్కలో ఏడాది మార్చితో మొదలు. జనవరి 13వ నెల, ఫిబ్రవరి 14వ నెల, అవి కూడా కిందటి ఏడాదివి. నువ్వు 2 అనే వదిలేసి ఉంటావు. ల్యాబ్ పరీక్షలో నేనూ ఇక్కడే బోల్తా పడ్డా. ఎగ్జామినర్ ఇచ్చిన తేదీ జనవరిలోదే!

పైథాన్‌పిచ్చి:
ఇంత యాతన దేనికి? పైథాన్ భాషలో డేట్‌టైమ్ అని తేదీల లెక్కలకి రెడీమేడ్ కోడ్ ఉంది, ఒక్క లైనులో పని అయిపోతుంది.

పాతకాపు:
ఈత నేర్పమంటే పడవ ఎక్కించారు. తమ్ముడూ, పిచ్చి గుర్తుల సంగతి విను. సూత్రంలో శతాబ్దం అంకెని, అదే జె ని, రెండింతలు చేసి తీసేస్తున్నావు కదా. 2000 మార్చి 1కి మొత్తం -24 అవుతుంది. దాన్ని 7తో భాగిస్తే సి ఇచ్చే శేషం -3. వారాల పేర్లు వరుసగా పెట్టుకున్న అర్రేలో -3వ గడి నీది కాదు, అక్కడ ఏ చెత్త ఉంటే అది ప్రింటవుతుంది. రెండు జె లు తీసే బదులు అయిదు జె లు కలుపు. తేడా ఏడు జె లే కాబట్టి వారం మారదు.

పైథాన్‌పిచ్చి:
అదే పైథాన్‌లో అయితే శేషం 4 వచ్చేది. ఊరికే చెబుతున్నా.

పాతకాపు:
ఊరికే చెప్పకండి.

లెక్కలరాజు:
అసలైనది వదిలేశారు, లీపు సంవత్సరం. 4తో భాగిస్తే పోతే లీపు, అంతే. 18 ఏళ్లుగా అకౌంట్స్ చూస్తున్నా.

సెమికోలన్:
మరి 1900? 100తో పోయేవి లీపు కావండీ, 400తో కూడా పోతే తప్ప. 2000 లీపు, 1900 కాదు.

లెక్కలరాజు:
ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 ఉంది, తెరిచి చూసుకోండి. అంత పెద్ద సాఫ్ట్‌వేర్ తప్పు, మీరు రైటా?

పాతకాపు:
తప్పే, తెలిసి ఉంచిన తప్పు. ఎక్సెల్‌కి ముందున్న స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం లోటస్ 1-2-3 ఆ రోజుని లెక్కలో కలిపేసుకుంది, దాని ఫైళ్లతో పొసగాలని ఎక్సెల్ కూడా అలాగే ఉంచింది. 1900 జనవరి 1 ఏ వారమో అడిగి చూడండి. సోమవారమైతే అది ఆదివారం అంటుంది. మార్చి 1 నుంచే దారిలో పడుతుంది. 18 ఏళ్లలో ఒక్కసారీ చూడలేదా?

లెక్కలరాజు:
మాట తీరు మార్చుకోండి. నేను 1900 నాటి జీతాలు లెక్కేయను.

తేదీలభూతం:
1900కే కొట్టుకుంటున్నారా! బ్రిటన్‌లో క్యాలెండర్ మార్చినప్పుడు 1752 సెప్టెంబరు 2 బుధవారం, మర్నాడు 14, గురువారం. మధ్యలో 11 తేదీలు లేనే లేవు. ఇంతకీ నీ ప్రోగ్రాం ఏ దేశానికి, ఏ కాలానికి?

కొత్తకోడ్:
మార్చి 1కి బుధవారం వచ్చిందండీ, థాంక్స్! జనవరిని 13 చేసి, ఏడాదిలో ఒకటి తగ్గించాను కూడా. అయినా 2000 జనవరి 1 సోమవారం అంటోంది. శనివారం కదా?

సెమికోలన్:
ఏడాది ఎక్కడ తగ్గించావు?

కొత్తకోడ్:
కె (ఏడాదిలో చివరి రెండంకెలు), జె లెక్కగట్టాక.

సెమికోలన్:
దొరికింది. ముందు తగ్గించు, తర్వాత విడదీయి. నీది కె 0, జె 20 తీసుకుంటోంది. 1999 కాబట్టి 99, 19 కావాలి. అప్పుడు 1+36+99+24+4+95, మొత్తం 259, శేషం 0. జెల్లర్‌లో 0 అంటే శనివారం.

పైథాన్‌పిచ్చి:
0 శనివారమా! మా దగ్గర సోమవారం, జావాస్క్రిప్ట్‌లో ఆదివారం. ఎవరి గోల వారిది.

కొత్తకోడ్:
వచ్చేసింది, శనివారం!! ఫిబ్రవరి 15 కూడా గురువారమే. మరి ఆ మూడోది, అక్షరం కొడితే...

తేదీలభూతం:
స్వీడన్‌లో 1712లో ఫిబ్రవరి 30 నిజంగానే వచ్చింది. శుక్రవారం. నీ దాంట్లో కొట్టి చూడు.

కొత్తకోడ్:
కొట్టాను. మంగళవారం అంది. 2024 ఫిబ్రవరి 30 ఇచ్చినా ఏదో ఒక వారం చెబుతోంది, అలాంటి తేదీ లేదని అనట్లేదు. ఇది నాలుగో తప్పా? మూడోదే ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.